కొలత తెలిస్తే పార్టు దొరుకుతుంది

తనకల్లులో ఉంటూ ఆర్‌సీ (రేడియో కంట్రోల్) టూరింగ్ కారు నడపాలనుకునేవారిని అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "అది చెడిపోతే ఏం చేస్తావబ్బీ?" అడగడంలో తప్పేం లేదు. కదిరికీ ములకలచెరువుకీ మధ్య, జాతీయ రహదారి 42 మీద ఉన్న మండల కేంద్రం మనది. ఇక్కడ ట్రాక్టర్ సామాన్లు, బోరు మోటారు పార్టులు, డ్రిప్ పైపులు అడిగిన వెంటనే ఇస్తారు. అసలు కారులో పదో వంతుండే బుల్లి కారుకు స్పర్ గేర్ కావాలంటే మాత్రం, ఎక్కడికి పోవాలో చెప్పేవాళ్ళు కూడా ఉండరు.

"అన్నా, టమియా కారుకు బేరింగ్ ఉందా?" అని కదిరిలో అడిగి, "లేదు పో" అనిపించుకొని వచ్చారా? ఈసారి ఇలా అడిగి చూడండి: "లోపలి బోరు 5 ఎం.ఎం., బయట 11, మందం 4. నంబరు ఎంఆర్115 జెడ్‌జెడ్." షాపాయన దగ్గర లేకపోయినా, తెప్పించి ఇవ్వగలడో లేదో చెబుతాడు. ఏ కారుకో ఆయనకు అక్కర్లేదు, ఎంత సైజో కావాలి. చిన్న ఊళ్ళో ఉండి ఈ సరదా కొనసాగించాలంటే మీరు మొదట నేర్చుకోవాల్సింది ఇదే.

1. పార్టు విడిగా అమ్మని కారు కొనకండి

తిరునాళ్ళలో, ఆన్‌లైన్ సేల్‌లో చవగ్గా దొరికే రిమోట్ కార్లలో రిసీవర్, స్పీడు కంట్రోలు, స్టీరింగ్ సర్క్యూట్ అన్నీ ఒకే బోర్డు మీద ఉంటాయి. బోర్డు కాలితే కారు అటక మీదికే. మీరు వెతకాల్సింది రిసీవర్, స్పీడ్ కంట్రోలర్, స్టీరింగ్ తిప్పే సర్వో, మోటారు నాలుగూ వేరువేరుగా ఉండే కారు. ఏది పోతే అది మార్చుకోవచ్చు.

జపాన్ కంపెనీ టమియా 1976లో పోర్షే 934తో ఆర్‌సీ కార్లు మొదలుపెట్టింది. 2013లో వచ్చిన దాని టీటీ-02 ఛాసిస్ ఇప్పటికీ కొత్తగా నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా ఎంచుకునే టూరింగ్ కార్లలో ఒకటి. నాలుగు చక్రాలకూ షాఫ్టుతో శక్తి అందుతుంది. బయటకు కనిపించే బెల్టులు ఉండవు కాబట్టి మన ఎర్రమట్టి దుమ్ముకు కాస్త తట్టుకుంటుంది. ఈ అధ్యాయంలో ఉదాహరణలన్నీ దాని మీదే చెబుతాను. మీది వేరే కారైనా పద్ధతి మారదు.

కొనే ముందు అమ్మేవాణ్ణి మూడు విషయాలు అడగండి. చక్రం వెనక ఉండే షట్కోణం 12 ఎం.ఎం.దేనా? మోటారు 540 సైజా? సర్వో స్టాండర్డ్ సైజా? మూడూ అవునంటే చక్రాలు, మోటారు, సర్వో ఏ కంపెనీవైనా మీ కారుకు పడతాయి. ఒక్కటి కాదన్నా తొందరపడకండి.

బెంగళూరులో ఉద్యోగం చేసే మీ మామ కొడుకు ఒక సెకండ్‌హ్యాండ్ కారు చూశాడనుకోండి. ఫొటో పంపమంటే నిగనిగలాడే బాడీ ఫొటో పంపుతాడు. మీకు కావాల్సింది అది కాదు. బాడీ తీసేసి పైనుంచి ఒకటి, అడుగుభాగం ఒకటి అడగండి. స్క్రూల తలలు కొరికేసినట్టు ఉన్నాయా? సస్పెన్షన్ ఆర్మ్‌ల మీద ప్లాస్టిక్ తెల్లబారిందా? మోటారు బిగించిన చోట ప్లాస్టిక్ వేడికి మెత్తబడి ఒంగిందా? వీడియో కాల్‌లో చక్రాలను చేత్తో తిప్పమనండి. కరకరమని శబ్దం వస్తే గేర్లకూ బేరింగ్‌లకూ ఖర్చుందని లెక్కేసుకొని ఆ మేరకు బేరమాడండి.

పార్టుల కోసం విదేశాల వైపు చూడటం తగ్గించుకోవాలి. అలీఎక్స్‌ప్రెస్ మన దేశంలో 2020 నవంబరులో నిషేధమైంది. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. పూర్తి కారు బయటినుంచి తెప్పిస్తే చేతికొచ్చేసరికి ధర ఎక్కడికో పోతుంది. అదే సర్వో, బేరింగ్, కనెక్టరు లాంటివి రోబోటిక్స్, డ్రోన్ సామాన్లు అమ్మేవాళ్ళ దగ్గర దేశంలోనే దొరుకుతున్నాయి. పుణెలోని రోబు లాంటి ఆన్‌లైన్ షాపులకు కారు పేరుతో పనిలేదు. కొలత చెబితే చాలు.

2. కారు తర్వాత మొదటి ఖర్చు వెర్నియర్ మీద పెట్టండి

ఒక డిజిటల్ వెర్నియర్ కాలిపర్, ఒక నోట్‌బుక్కు. మోటారు కంటే ముందు, స్టిక్కర్ల కంటే ముందు కొనాల్సినవి ఇవి. కారు విప్పిన ప్రతిసారీ చేతిలోకి వచ్చిన ముక్క కొలత రాసుకోండి. పార్టు విరిగాక కొలవడం కష్టం. బాగున్నప్పుడే కొలిచి పెట్టుకోవాలి.

బేరింగ్‌తో మొదలుపెట్టండి. టీటీ-02 కిట్‌లో చక్రాల దగ్గర, గేర్ల దగ్గర బేరింగ్‌లకు బదులు బుష్‌లు వస్తాయి. ఆర్‌సీవాళ్ళు 1150 అని పిలిచే సైజు, అంటే 11 బయట, 5 లోపల, 4 మందం. బేరింగ్ షాపులో దీనికి ఎంఆర్115 అని పేరు. ఇక్కడే ఒక చిక్కుంది. 685 జెడ్‌జెడ్ అనే బేరింగ్‌కూ లోపల 5, బయట 11 ఉంటాయి. కానీ మందం 5. షాపతను "అదే సైజు, తీసుకో" అంటాడు. గూట్లో ఒక ఎం.ఎం. బయటికి పొడుచుకొచ్చి, బలవంతంగా బిగిస్తే చక్రం బిగుసుకుపోతుంది. అందుకే మూడు అంకెలూ చెప్పాలి. ఫ్యాన్లకు వాడే 6201, 6202ల మధ్య వెతికి లాభం లేదు, అవి చాలా పెద్దవి.

తర్వాత పినియన్, అంటే మోటారు షాఫ్టు మీది చిన్న గేరు. పళ్ళ సంఖ్య సరిపోతే చాలదు, పన్ను సైజు కూడా కలవాలి. టీటీ-02కి 0.6 మాడ్యూల్ పన్ను. మార్కెట్లో 48 పిచ్, 64 పిచ్ పినియన్‌లు కూడా ఉంటాయి. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ఎలా గుర్తుపట్టాలి? పళ్ళు లెక్కపెట్టి దానికి 2 కలపండి. బయటి వ్యాసాన్ని కొలిచి ఆ సంఖ్యతో భాగించండి. వచ్చేదే మాడ్యూల్. 22 పళ్ళ పినియన్ వ్యాసం 14.4 ఎం.ఎం. ఉంటే, 14.4ను 24తో భాగిస్తే 0.6, అంటే సరైనది. అదే 22 పళ్ళది 12.7 వచ్చిందంటే అది 48 పిచ్. దాన్ని బిగించి నడిపితే పినియన్ తిప్పే ప్లాస్టిక్ స్పర్ గేర్ పళ్ళు కొద్దిసేపట్లోనే అరిగిపోతాయి.

మోటారుకు నాలుగు కొలతలు రాసుకోండి. డబ్బా వ్యాసం సుమారు 36 ఎం.ఎం., షాఫ్టు 3.17 ఎం.ఎం., బిగించే రెండు రంధ్రాల మధ్య దూరం 25 ఎం.ఎం., స్క్రూ ఎం3. ఇది 540 సైజు. రోబోటిక్స్ షాపులో పక్కనే ఉండే 775 మోటారు చూడటానికి బలంగా ఉంటుంది, కానీ దాని డబ్బా 42, షాఫ్టు 5. మీ కారులో పట్టదు.

సర్వోకైతే షాఫ్టు మీది గాళ్ళు లెక్కపెట్టాలి. 25 గాళ్ళవి ఎక్కువ, 24, 23 గాళ్ళవీ ఉన్నాయి. 25 గాళ్ళ హార్న్‌ను (సర్వో షాఫ్టుకు తొడిగే చేతిని) 24 గాళ్ళ సర్వో మీద సుత్తితో కొట్టి కూర్చోబెట్టేవాళ్ళున్నారు. రెండు మలుపులు తిరిగేసరికి అది జారిపోతుంది, కారు నేరుగా గోడలోకి వెళుతుంది.

స్క్రూల సంగతి కూడా ఇక్కడే. టమియా కిట్ల స్క్రూలకు జపాన్ ప్రమాణమైన జేఐఎస్ గాడి ఉంటుంది. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ అందులో పూర్తిగా దిగదు, పైకి జారుతూ గాడిని తినేస్తుంది. జేఐఎస్ డ్రైవర్ ఒకటి కొనుక్కోండి, లేదా మొదటిసారి విప్పినప్పుడే ఎం3 అలెన్ స్క్రూలకు మారిపోండి.

3. ఊళ్ళో ఉన్న పనివాళ్ళను గుర్తుపట్టండి

మన ప్రాంతంలో ఏడాదికి పడే వాన సుమారు 550 ఎం.ఎం. వ్యవసాయం బోర్ల మీద, బోర్లు మోటార్ల మీద ఆధారపడి ఉన్నాయి. అందుకే మోటారు వైండింగ్ షాపుకు ఇక్కడ కరువు లేదు. ఆ షాపు మీకెందుకు? మొబైల్ రిపేరు షాపులోని సన్న సోల్డరింగ్ ఐరన్‌కు బ్యాటరీ వైరంత లావు తీగను వేడిచేసే సత్తా ఉండదు. పైన కరిగినట్టు కనిపించి లోపల పట్టదు. ఆ అతుకు నడుస్తుండగా వేడెక్కి ఊడిపోతుంది. పెద్ద ఐరన్, మంచి స్లీవ్, లావు తీగలతో పని అలవాటు వైండింగ్ షాపులో ఉంటాయి. "అన్నా, ఈ రెండు తీగలు కనెక్టరుకు అతికించాల, సీసం లోపలికి పారాల" అని దగ్గరుండి చేయించుకోండి. ఎరుపు, నలుపు తారుమారు కాకుండా చూసుకోవాల్సిన బాధ్యత మాత్రం మీదే.

లేత్ వర్క్‌షాపు మరో వరం. మోటారు వేడికి ప్లాస్టిక్ మౌంట్ మెత్తబడటం టీటీ-02లో తెలిసిన ఇబ్బందే. అల్యూమినియం మౌంట్ వేస్తే వేడిని లాగేస్తుంది. అది కొనడానికి దొరక్కపోతే పాత మౌంట్‌ను నమూనాగా ఇచ్చి, రంధ్రాల దూరాలు కాగితం మీద గీసి ఇవ్వండి. గీత లేకుండా నోటితో చెబితే పని చెడుతుంది, మళ్ళీ డబ్బులు. లేత్ మనిషికి కాగితం మీది అంకెలు చాలు.

బాడీ పగిలిందా? పాలికార్బొనేట్ షీటుతో చేసిన పల్చటి బాడీ ఇది. పగులు ఎక్కడ ఆగిందో చూసి సరిగ్గా ఆ చివర సన్న రంధ్రం వేయండి, పగులు ముందుకు పాకదు. లోపలివైపు గోడ పగుళ్ళకు వాడే ఫైబర్ మెష్ టేపు అతికించి, పైన చెప్పులు కుట్టేవారు వాడే రబ్బరు జిగురు పూయండి. మెష్ టేపు పెయింట్ల షాపులో దొరుకుతుంది. ఇక రంగు. పాలికార్బొనేట్‌కు ప్రత్యేకంగా చేసిన రంగునే, లోపలివైపు వేయాలి. బైకులకు కొట్టే మామూలు స్ప్రే వేస్తే మొదటి గుద్దుకే పెచ్చులు లేస్తుంది. దీనికి దగ్గర దారి లేదు, తెప్పించుకోవాల్సిందే.

ఊళ్ళో దొరకనిది కదిరిలోనో మదనపల్లెలోనో, అక్కడా లేకపోతే బెంగళూరు ఎస్పీ రోడ్డులో. ఎలక్ట్రానిక్ సామాన్లకు ఆ వీధి పెట్టింది పేరు. ఎక్స్‌టీ60 కనెక్టర్లు, సిలికాన్ వైరు, అలెన్ స్క్రూలు, చిన్న బేరింగ్‌లు అన్నిటికీ అక్కడ అడిగి చూడవచ్చు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి, కాబట్టి ఆ రోజు బస్సెక్కకండి. బెంగళూరు పోయే చుట్టమెవరైనా ఉంటే మీ నోట్‌బుక్ పేజీని ఫొటో తీసి పంపండి, పాత ముక్కను కూడా చేతికివ్వండి. కొలతా నమూనా రెండూ ఉంటే, ఈ కార్లంటే ఏమిటో తెలియని మీ పెద్దమ్మ కూడా సరైన పార్టు తేగలదు.

4. మోటారు చివర మార్చండి

కారు రాగానే అందరి మనసూ వేగం మీదే ఉంటుంది. "బ్రష్‌లెస్ మోటారు వేస్తే దూసుకుపోతుందంట!" దూసుకుపోతుంది, నిజమే. ఎటు పోతుంది? స్టీరింగ్ వదులుగా ఉండి, టైర్లకు పట్టు లేక, షాకుల్లో ఆయిల్ లేని కారుకు వేగం పెంచితే పార్టుల బిల్లు పెరుగుతుంది. ఈ వరుసలో వెళ్ళండి.

మొదట బుష్‌లు తీసి బేరింగ్‌లు. ఖర్చు తక్కువ, తేడా వెంటనే తెలుస్తుంది. మోటారు మీద భారం తగ్గుతుంది, అదే చార్జిలో కాస్త ఎక్కువసేపు నడుస్తుంది.

రెండోది టైర్లు. మన సిమెంటు కల్లం మీద సన్నటి మట్టి పొర ఎప్పుడూ ఉంటుంది. నడిపే ముందు చోటు ఊడ్చి, టైరును తడిగుడ్డతో తుడవండి. కొత్త టైరు కొనే ముందు ఇది చేసి చూడండి. టైరు రిమ్ము నుంచి ఊడుతుంటే ఫెవిక్విక్ చాలు, కానీ అతికించే అంచును ముందు శుభ్రంగా తుడవాలి.

మూడోది షాకులు. మామూలు టీటీ-02 కిట్‌లో ఆయిల్ లేని ఫ్రిక్షన్ డాంపర్లు వస్తాయి. సిమెంటు అతుకు ఎక్కినప్పుడల్లా కారు ఎగురుతోందంటే కారణం అదే. సిలికాన్ ఆయిల్ నింపే డాంపర్లు వేయండి. కుట్టు మిషను నూనె పోసి సర్దుకుందామనుకోకండి, అది మరీ పల్చన. ఛాసిస్ నేలకు ఎంత ఎత్తులో ఉంది? నున్నటి ట్రాక్ మీద 5 ఎం.ఎం. చాలు, మన గచ్చుకు 8 అయినా ఉండాలి. 8 ఎం.ఎం. డ్రిల్ బిట్‌ను ఛాసిస్ కిందికి దూర్చి చూడండి. తగలకుండా దూరితే సరే, తగిలితే స్ప్రింగు పైన ఇంకో స్పేసర్ వేయండి.

వంటింట్లో గ్రానైట్ గట్టు ఉందా? అమ్మనడిగి కాసేపు కారును దాని మీద పెట్టండి. వెనక భాగాన్ని సరిగ్గా మధ్యలో కత్తిమొనతో మెల్లగా పైకెత్తండి. రెండు వెనక చక్రాలూ ఒకేసారి లేస్తున్నాయా? ఒకటి ముందు లేచిందంటే ఛాసిస్ మెలిపడిందో, ఒక స్ప్రింగు ఎక్కువ బిగిసిందో. యాక్సిలరేటర్ నొక్కగానే కారు ఒక పక్కకు లాగుతోందంటే చాలాసార్లు కారణం ఇక్కడే దొరుకుతుంది. ట్రాన్స్‌మిటర్‌లో ట్రిమ్ తిప్పి కప్పిపుచ్చకండి.

నాలుగోది సర్వో. ఎంజీ996ఆర్ అనే మెటల్ గేర్ సర్వో రోబోటిక్స్ షాపులన్నిటా ఉంటుంది, ధర అందుబాటులో ఉంటుంది. పోటీలకు నెమ్మది. నేర్చుకునే రోజుల్లో గోడకు గుద్దినా గేర్లు నిలబడతాయి.

ఇవన్నీ అయ్యాకే మోటారు. అంతకంటే ముందు పినియన్ మార్చి చూడండి. లెక్క సులువు: స్పర్ గేర్ పళ్ళను పినియన్ పళ్ళతో భాగించి, టీటీ-02 అయితే 2.6తో గుణించాలి. కిట్‌లో స్పర్ 70, పినియన్ 22. అంటే 8.27. చక్రం ఒక చుట్టు తిరగడానికి మోటారు 8.27 చుట్లు తిరుగుతోందన్నమాట. పినియన్ 25 వేస్తే 7.28 అవుతుంది. వేగం పెరుగుతుంది, మోటారు వేడీ పెరుగుతుంది. ఒక్కసారే 22 నుంచి 25కు దూకకండి. ఒక్కో పన్ను పెంచుతూ, ప్రతిసారీ ఐదు నిమిషాలు నడిపి ఆపి, వేడి చూసి ముందుకెళ్ళండి. ఒకేరోజు రెండు మార్పులు చేస్తే బాగుపడినా చెడినా కారణం తెలియదు.

వేడి ఎలా చూడాలి? కరోనా నాడు కొన్న నుదుటి థర్మామీటర్ ఇంట్లో ఉంటే తీయండి. చాలావాటిలో మనిషి వేడి చూసే మోడ్ 43 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది, వస్తువు వేడి చూసే సర్ఫేస్ మోడ్‌కు మార్చాలి. మోటారు డబ్బా మీద 70 డిగ్రీలు దాటుతుంటే పినియన్‌లో ఒక పన్ను తగ్గించండి. ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 40 డిగ్రీలుండే ఊరు మనది. చలికాలంలో సరిపోయిన పినియన్ ఎండాకాలంలో మోటారును కాల్చేస్తుంది. సీజనుకొక పినియన్ ఉంచుకోండి, నడపడం ఉదయమో సాయంత్రమో పెట్టుకోండి.

5. దుమ్ము దులపడం కూడా మెకానిక్ పనే

నడిపిన ప్రతిసారీ ఎండిన పెయింట్ బ్రష్షుతో దులపండి. బయటికి కనిపించే గేర్లకు గ్రీజు పూయకండి, మట్టి అంటుకొని గరుకు కాగితంలా గేరును అరగదీస్తుంది. గ్రీజు మూతలున్న డిఫరెన్షియల్ లోపలికే. పంక్చరు షాపులో గాలి కొట్టించవచ్చు, కానీ బేరింగ్‌ను గాలితో గిర్రున తిప్పి ఆనందించే అలవాటు వద్దు. బంతులు దెబ్బతింటాయి, పగిలితే కంట్లో పడొచ్చు. బేరింగ్‌ను కిరోసిన్‌లో కడిగి, ఆరబెట్టి, ఒక్క చుక్క కుట్టు మిషను నూనె వేయండి. ఈ నూనె పనికొచ్చేది ఇక్కడ.

6. బ్యాటరీ దగ్గర రాజీ పడకండి

ఇతర పార్టులు చెడితే డబ్బు పోతుంది. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ చెడితే ఇల్లు కాలుతుంది. రెండు సెల్‌ల లైపో నిండా చార్జి అయితే 8.4 వోల్టులు. సెల్‌కు 3.2 దిగువకు, అంటే మొత్తం 6.4 కిందికి పోనివ్వకూడదు. స్పీడ్ కంట్రోలర్ ఆ పని చూసుకుంటుంది, కానీ మీరు చెబితేనే. హాబీవింగ్ క్విక్‌రన్ 1060 లాంటి వాటి మీద చిన్న జంపర్ ఉంటుంది, లైపోకు ఒక చోటు, నికెల్ బ్యాటరీకి ఇంకో చోటు. నికెల్ వైపు వదిలేసి లైపో పెట్టి నడిపితే కంట్రోలర్ సమయానికి ఆపదు. బ్యాటరీ ఉబ్బిపోతుంది. కిట్‌తో వచ్చే కొన్ని కంట్రోలర్‌లకు లైపోను కాపాడే ఏర్పాటే ఉండదు, పెట్టె మీద చదివి చూసుకోండి.

చార్జింగ్ ఎప్పుడూ బ్యాలెన్స్ చార్జర్‌తోనే, కంటి ముందే, బండరాయి మీద. 5000 ఎంఏహెచ్ బ్యాటరీకి 5 ఆంపియర్లు మించొద్దు. రాత్రి కరెంటు పోయింది, వచ్చాక అదే ఎక్కుతుందిలే అని పెట్టి పడుకోకండి. వాడని వారాల్లో సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచి, రేకుల గదిలో కాకుండా చల్లటి చోట పెట్టండి. ఉబ్బిన బ్యాటరీని మళ్ళీ వాడొద్దు, గుచ్చొద్దు. ఆన్‌లైన్‌లో కొంటే లైపో చాలావరకు రోడ్డు మార్గానే వస్తుంది, మిగతా సామాన్ల కంటే ఆలస్యమవుతుంది. కాబట్టి ఉన్నది పూర్తిగా పోకముందే ఆర్డరు పెట్టుకోండి. ఆర్డరుకు ముందు కారులోని గూటిని కొలవండి. మామూలు హార్డ్‌కేస్ ప్యాక్ పొడవు 139, వెడల్పు 47, ఎత్తు 25 ఎం.ఎం.

7. రోడ్డెక్కకండి, ట్రాక్ వేసుకోండి

జాతీయ రహదారి మీద లారీల మధ్య ఈ కారు ఎవరికీ కనిపించదు. దాని వెనక పరిగెత్తే పిల్లలూ కనిపించరు. ఖాళీగా ఉన్న సిమెంటు కల్లమో, సెలవురోజు బడి ఆవరణలోని గచ్చో అనుమతి అడిగి వాడుకోండి. ట్రాక్ అంచులకు పాత డ్రిప్ లాటరల్ పైపులు చక్కగా సరిపోతాయి. 16 ఎం.ఎం. పైపులో ఇసుక నింపి, రెండు చివరలూ మడిచి కట్టండి. కదలకుండా పడి ఉంటుంది, కారు తగిలినా ఆర్మ్ విరగదు. రాళ్ళు మాత్రం పెట్టొద్దు.

ఇంకొకరిని చేర్చుకోండి. ఒకే రకం ఛాసిస్ ఇద్దరి దగ్గర ఉంటే స్పర్ గేరు, ఆర్మ్‌లు కలిపి తెప్పించుకోవచ్చు, కొరియర్ ఖర్చు సగమవుతుంది. ఇంజనీరింగ్, డిప్లొమా చదివే పిల్లలు మీ వీధిలో ఉంటే పిలవండి. గేర్ల లెక్క వాళ్ళు పుస్తకంలో చదివే ఉంటారు, దాన్ని చేత్తో పట్టుకొని చూసే అవకాశం మీ కారు ఇస్తుంది.

ఈ ఆదివారం కొత్త పార్టేదీ ఆర్డరు పెట్టకండి. కారు విప్పి, బేరింగ్, పినియన్, మోటారు, సర్వో, బ్యాటరీ గూడు కొలిచి మొదటి పేజీ నింపండి. ఆర్డరు సోమవారం పెట్టుకోవచ్చు.